మనకు ఆట నేర్పిన సారే బెంచ్ దగ్గర నిలబడి అరుస్తుంటే రెఫరీ ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన సంగతి ఇది. మీరు ఇటీవలే రెఫరీ పరీక్ష పాసయ్యారు. అనంతపురంలో పాఠశాలల అండర్-17 బాలుర బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కు విజిల్ పట్టారు. అందులో ఒక జట్టు కోచ్, మీకు చిన్నప్పుడు బంతి పట్టుకోవడం నేర్పిన పీఈటీ సారే. ఆయన మొదటి క్వార్టర్ నుంచే మీరిచ్చిన ప్రతి కాల్‌కూ (నిర్ణయానికీ) అరుస్తూ వచ్చారు, మీరు గురుభావంతో ఊరకున్నారు. చివరి క్వార్టర్‌లో రెండో జట్టు కోచ్ కూడా అరవడం మొదలుపెట్టేసరికి ఆ కోచ్‌కు టెక్నికల్ ఫౌల్ (అనుచిత ప్రవర్తనకు ఇచ్చే ఫౌల్) ఇచ్చారు. దాంతో గొడవ ముదిరి ఆ జట్టు కోర్టు వదిలి బయటికి వచ్చేసింది. ఇలాంటి కోచ్‌లతో ఎలా వ్యవహరించాలి, ఇకమీదట సారు ఎదురుపడితే ఏం మాట్లాడాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు.

నేను కడపలో వ్యాయామ విద్య బోధిస్తూ, చాలా ఏళ్లుగా కర్నూలు, అనంతపురం, కడప మైదానాల్లో రెఫరీగా పనిచేశాను. ఇప్పుడు కొత్తగా వచ్చే రెఫరీలకు శిక్షణ ఇస్తున్నాను. మీరు చెప్పిన మ్యాచ్‌లో గొడవకు మూలం చివరి క్వార్టర్‌లో ఇచ్చిన టెక్నికల్ ఫౌల్ కాదని, మొదటి క్వార్టర్‌లో ఇవ్వకుండా వదిలేసిన ఒక చిన్న హెచ్చరిక అని నా అభిప్రాయం. సారు మీద ఉన్న గౌరవంతో ఆయనకు మీరు ఇచ్చిన వెసులుబాటును రెండో బెంచ్ మూడు క్వార్టర్లపాటు చూస్తూనే ఉంది. తన వంతు వచ్చినప్పుడు అదే వెసులుబాటు తనకు దొరకకపోయేసరికి ఆ కోచ్‌కు కోపం వచ్చింది, ఆ కోపంలో న్యాయం కూడా కొంత ఉంది. మన ప్రాంతంలో బాస్కెట్‌బాల్ లోకం చాలా చిన్నది. నేటి రెఫరీ నిన్నటి శిష్యుడు, నేటి కోచ్ రేపటి సెలెక్షన్ కమిటీ సభ్యుడు. కాబట్టి కష్టమైన కోచ్‌ను ఎదుర్కోవడం ఇక్కడ నిబంధనలు తెలిసినంత మాత్రాన తేలే పని కాదు, తెలిసిన ముఖం ఎదుట అదే నిబంధనను అదే గొంతుతో చెప్పగలగాలి.

ముందు నిబంధన ఏం చెబుతోందో తేటగా తెలుసుకుందాం, ఎందుకంటే మన జిల్లాల్లో అలవాటే నిబంధనగా చలామణి అవుతోంది. మనం ఆడేది అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫిబా నిబంధనల ప్రకారం. ఆట జరుగుతున్నప్పుడు హెడ్ కోచ్, ఫస్ట్ అసిస్టెంట్ కోచ్ ఇద్దరిలో ఒక సమయంలో ఒక్కరే నిలబడవచ్చు; బెంచ్ ప్రాంతం దాటనంతవరకు తమ ఆటగాళ్లతో ఎంతైనా మాట్లాడవచ్చు. రెఫరీలతో మాట్లాడే అవకాశం హెడ్ కోచ్‌కు ఉంది, కానీ అది బాల్ డెడ్ అయి, అంటే బంతి ఆటలో లేకుండా పోయి, గడియారం ఆగి ఉన్నప్పుడు, మర్యాదగా మాట్లాడే అవకాశం మాత్రమే. అసిస్టెంట్ కోచ్‌కు అదీ లేదు. అంటే కోచ్ నోరు విప్పడమే నేరమన్న ధోరణి ఎంత తప్పో, ఆట నడుస్తుండగా సైడ్‌లైన్ వెంట రెఫరీతో పాటు నడుస్తూ వాదించడం కోచ్ హక్కు అనుకోవడం కూడా అంతే తప్పు.

గట్టిగా అరవడమంతా దురుసుతనం కాదన్న సంగతిని కొత్త రెఫరీలు తరచుగా మరిచిపోతారు. అనంతపురం ఆషాఢపు గాలిలో, పైకప్పు లేని సిమెంటు కోర్టులో, రెండో కొసన ఉన్న తన ఆటగాడికి వినపడాలంటే ఏ కోచ్ అయినా గొంతు చించుకోవలసిందే. "డిఫెన్స్‌కు రారా!" అన్న అరుపు మీ కోసం కాదు. గొంతు ఎంత పెద్దదన్నది పక్కన పెట్టి, ఆ మాట ఎవరిని ఉద్దేశించి అన్నది, ఎందుకు అన్నది చూడాలి.

ఇక టెక్నికల్ ఫౌల్ గురించి. కోచ్ స్వయంగా చేసిన అనుచిత ప్రవర్తనకు స్కోర్‌షీట్‌లో ఆయన పేరు ఎదురుగా 'సి' అని రాస్తారు. అసిస్టెంట్ కోచ్, సబ్‌స్టిట్యూట్లు, జట్టుతో వచ్చిన ఇతరులు హద్దు మీరితే దాన్నీ హెడ్ కోచ్ పేరు మీదే 'బి' అని రాస్తారు. రెండు 'సి'లు పడినా, లేక అన్నీ 'బి'లుగా గానీ ఒకటి 'సి'గా గానీ మొత్తం మూడు పడినా ఆయన మైదానం విడిచి వెళ్లాలి. శిక్ష ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుపడకుండా బుట్టలోకి వేసే బంతి) మాత్రమే. దాని తరువాత ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి, బంతి ఎవరికి చెందవలసి ఉందో వారితోనే మొదలవుతుంది. కోచ్ మీద పడిన టెక్నికల్ ఆ క్వార్టర్ జట్టు ఫౌళ్ల లెక్కలో కూడా చేరదు. నేను ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, మన కుర్ర రెఫరీలు టెక్నికల్ ఫౌల్‌ను ఒక బ్రహ్మాస్త్రంలా దాచిపెట్టుకుని, ఓర్పు పూర్తిగా నశించిన తరువాత వణుకుతున్న చేతులతో ప్రయోగిస్తారు. నిబంధన దాన్ని అంత పెద్దదిగా చూడలేదు. ఒక ఫ్రీ త్రో, మహా అయితే ఒక పాయింటు. మొదటి క్వార్టర్‌లో ప్రశాంతంగా ఇస్తే అది ఆటలో ఒక భాగమైపోతుంది. చివరి రెండు నిమిషాల్లో స్కోరు సమానంగా ఉన్నప్పుడు ఇస్తే, అది ఎంత న్యాయమైనదైనా, ఆ మ్యాచ్‌ను రెఫరీయే తేల్చాడన్న మాట ఊరంతా పాకుతుంది.

కోచ్‌తో మీ పని టిప్-ఆఫ్ (బంతి ఎగరేసి ఆట మొదలుపెట్టడం) కంటే చాలా ముందే మొదలవుతుంది. నిర్ణీత సమయానికి 20 నిమిషాల ముందు రెఫరీలు కోర్టు మీదికి వచ్చిన క్షణం నుంచే వారి అధికారం మొదలవుతుందని నిబంధన చెబుతోంది, కానీ మన దగ్గర చాలామంది ఆట మొదలయ్యే వేళకు టీ గ్లాసు దించి నేరుగా వస్తారు. ముందుగా వెళ్లి ఇద్దరు కోచ్‌లతోనూ ఒకేసారి, ఒకే చోట, స్కోరర్, టైమర్ కూర్చునే టేబుల్ దగ్గర మాట్లాడండి. బుట్ట కింద ఉండే నో-ఛార్జ్ అర్ధవృత్తం ఆ కోర్టులో గీసి ఉందా, షాట్‌కు గడువు లెక్కించే షాట్ క్లాక్ ఉందా, లేకపోతే ఏం చేయబోతున్నారు, సైడ్‌లైన్‌కు ఆనుకుని ప్రేక్షకులు కూర్చుంటే గీత బయటి నుంచి బంతి వేసే త్రో-ఇన్ ఎలా ఇస్తారు, ఇవన్నీ అక్కడే తేల్చేయాలి. మీ గురువుగారు ఉన్న మ్యాచ్‌లో అయితే ఇది మరీ ముఖ్యం. ఆయనకు నమస్కారం పెట్టడం తప్పేమీ కాదు, పెట్టాలి కూడా. కానీ ఆ తరువాత రెండో బెంచ్ దగ్గరికి వెళ్లి ఆ కోచ్‌కు కూడా అదే నమస్కారం పెట్టాలి. ఆయన పక్కన కూర్చుని పాత సంగతులు మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ అవతలివారి కంట పడకూడదు. బెంచ్ మీద ఎవరెవరు కూర్చున్నారో కూడా అప్పుడే చూసుకోండి. మన టోర్నమెంట్లలో కరెస్పాండెంట్ గారి బంధువు, పాత విద్యార్థి, ఎవరో ఒక ఆటగాడి చిన్నాన్న కూడా బెంచ్ మీదికి చేరిపోతారు. జట్టు జాబితాలో లేనివారిని ఆట మొదలుకాకముందే మర్యాదగా పంపించడం సులువు, వారు అరవడం మొదలుపెట్టాక పంపించడం చాలా కష్టం.

కోచ్‌ల కోపంలో ఎక్కువ భాగం విజిల్ దగ్గర కాక టేబుల్ దగ్గర పుడుతుందని నేను గట్టిగా నమ్ముతాను. మన జిల్లా స్థాయి పోటీల్లో స్కోరర్‌గా కూర్చునేది ఆ స్కూలు పదో తరగతి విద్యార్థి కావచ్చు, టైమర్ చేతిలో ఉండేది ఒక స్టాప్‌వాచ్, పాయింట్లు చూపేది చేత్తో తిప్పే బోర్డు. అక్కడ పొరపాటు జరగకపోతేనే ఆశ్చర్యం. కాబట్టి కోచ్ చెప్పేది వాస్తవానికి సంబంధించిన ఫిర్యాదా, తీర్పుకు సంబంధించిన ఫిర్యాదా అన్నది మొట్టమొదట విడదీయండి. "మా ఏడో నంబరుకు నాలుగు ఫౌళ్లు అంటున్నారు, మూడే పడ్డాయి", "రెండు పాయింట్లు ఎక్కలేదు", "యారో (తరువాతి బంతి ఎవరిదో చూపే బాణం) మాకు ఉండాలి" అన్నవి సరిచూడదగిన విషయాలు. ఆయన ఏ స్వరంలో చెప్పినా సరే, బాల్ డెడ్ కాగానే టేబుల్ దగ్గరికి వెళ్లి స్కోర్‌షీట్ చూడాలి, చూస్తున్నట్టు ఆయనకు కనపడాలి. స్కోరు రాయడంలో దొర్లిన తప్పును క్రూ చీఫ్ (ఆ మ్యాచ్ ప్రధాన రెఫరీ) స్కోర్‌షీట్ మీద సంతకం చేసేవరకు దిద్దవచ్చు. అదే ఇవ్వవలసిన ఫ్రీ త్రో ఇవ్వకపోవడం, ఇవ్వకూడనిది ఇవ్వడం, ఒకరికి బదులు మరొకరు వేయడం వంటి తప్పులను దిద్దడానికి వ్యవధి చాలా తక్కువ: ఆ తప్పు తరువాత గడియారం కదిలి, మొదటిసారి బాల్ డెడ్ అయి, తిరిగి లైవ్ అయ్యేలోపే గుర్తించాలి. అందువల్ల అరిచే కోచ్ మాటలో నిజముంటే, దాన్ని వినకుండా పోవడం వల్ల నష్టపోయేది పిల్లలు.

టైమౌట్ విషయంలో కూడా ఇదే జరుగుతుంది. కోచ్ రెఫరీ వైపు చూసి 'టీ' గుర్తు చూపిస్తూ అరుస్తారు, ఆట ఆగదు, "అడిగినా ఇవ్వలేదు" అని మండిపడతారు. టైమౌట్ కోరవలసింది స్కోరర్‌ను. అది దొరికేది బాల్ డెడ్ అయి గడియారం ఆగినప్పుడు, లేదా ఎదుటి జట్టు బుట్ట వేసినప్పుడు. మొదటి అర్ధభాగంలో 2, రెండో అర్ధభాగంలో 3, అందులోనూ నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో గరిష్ఠంగా 2 మాత్రమే. ఈ సంగతి ఆటకు ముందే రెండు నిమిషాల్లో చెప్పేస్తే సగం అరుపులు తగ్గిపోతాయి.

తీర్పుకు సంబంధించిన ఫిర్యాదు వేరు. దీన్ని ఒక ఉదాహరణతో చెబుతాను. కడపలో ఒక అండర్-17 బాలికల మ్యాచ్‌లో నేను టేబుల్ పక్కన కూర్చుని ఒక యువ రెఫరీ పనిని గమనిస్తున్నాను. బంతితో దూసుకొచ్చిన అమ్మాయి షాట్ కోసం పైకి లేచింది, అడ్డుగా ఉన్న అమ్మాయి ఆమెకు తగిలింది, ఇద్దరూ సిమెంటు మీద పడ్డారు. రెఫరీ బ్లాకింగ్ (దారికి అడ్డుపడిన ఫౌల్) ఇచ్చాడు. కోచ్ కుర్చీలోంచి లేచి, "ఏం సార్, పాప అక్కడే నిలబడి ఉంది కదా, అదెట్లా బ్లాకింగ్ అవుతుంది?" అని అరిచారు. ఆ కుర్రవాడు వెంటనే జవాబు చెప్పలేదు. మొదట పడిన ఇద్దరినీ లేపి చూశాడు. తరువాత టేబుల్ వైపు తిరిగి నంబరు, ఫౌల్ రకం, రెండు ఫ్రీ త్రోలు తీరుబడిగా చూపించాడు. ఆ పని ముగిశాక బెంచ్‌కు రెండు అడుగుల దూరంలో, కోచ్‌కు ఎదురుగా కాకుండా పక్కగా, కోర్టు వైపే ముఖం పెట్టి నిలబడ్డాడు.

"సార్, షూటర్ కాళ్లు నేల వదిలిన తరువాత మీ పాప పక్కకు ఒక అడుగు వేసింది."

"ముందే ఉంది సార్ అక్కడ!"

"ముందు ఉన్న మాట నిజమే సార్. లేచిన తరువాత జరిగింది. నేను చూసింది అది."

అంతే, మూడో మాట లేకుండా ఫ్రీ త్రో లైను వైపు వెళ్లిపోయాడు. కోచ్ ఒప్పుకోలేదు, కూర్చోలేదు కూడా. అయితే అవతల తిరిగి ఆ అమ్మాయితో, "పక్కకు జరగొద్దమ్మా, నిలబడిన చోటే నిలువు" అన్నారు. ఆ కుర్రవాడు కోచ్‌తో వాదించలేదు, తన అధికారాన్ని గుర్తు చేయలేదు, "నేను చెప్పిందే ఫైనల్" అనలేదు. తాను చూసిన దృశ్యాన్ని ఒక్క వాక్యంలో చెప్పాడు, ఆ వాక్యం వెనుక నిబంధన ఉంది: గాల్లోకి లేచిన ఆటగాడి దారిలోకి డిఫెండర్ ఆ తరువాత వచ్చి చేరకూడదు. కోచ్ చెప్పినదాంట్లో నిజమున్న భాగాన్ని ఒప్పుకున్నాడు కూడా. బెంచ్‌కు పక్కగా నిలబడటం కూడా చిన్న విషయమేమీ కాదు. ఎదురెదురుగా నిలబడితే ప్రేక్షకుల కంటికి అది తగవులాగే కనిపిస్తుంది, అలా కనిపిస్తే కోచ్ కూడా తన జట్టు ముందు, ఊరి ముందు వెనక్కి తగ్గలేరు.

దీని నుంచి మీరు ఒక పద్ధతి చేసుకోవచ్చు. కోచ్ ప్రశ్న అడిగితే, వీలైనప్పుడు, ఒక్క వాక్యంలో జవాబు చెప్పండి. ఆట నడుస్తుంటే, "విన్నాను సార్, బాల్ ఆగినప్పుడు చెబుతాను" అనండి, ఆగినప్పుడు తప్పకుండా చెప్పండి. ఆయన ప్రశ్న అడగకుండా "ఏం రెఫరీలో ఏమో" అని గొణుక్కుంటే అది జవాబు కోరే మాట కాదు, వదిలేయండి. అదే మాట పదేపదే, పైకి, చేతులు ఊపుతూ అంటుంటే మాత్రం హెచ్చరించే సమయం వచ్చిందని అర్థం. హెచ్చరికలో నిబంధనల ఉపన్యాసం ఉండకూడదు. "సార్, ఇంతవరకు విన్నాను. ఇక చాలు." ఈ మాత్రం సరిపోతుంది. దాన్ని కోచ్ దగ్గరికి వెళ్లి తగ్గు స్వరంతో చెప్పండి, కానీ చెప్పినట్టు మీ పార్ట్‌నర్‌కూ (తోటి రెఫరీకీ), వీలైతే టేబుల్‌కూ తెలియనివ్వండి. హెచ్చరిక ఇచ్చిన తరువాతే టెక్నికల్ ఇవ్వాలన్న నిబంధన ఏదీ లేదు. అయినా ఇవ్వమని ఎందుకు చెబుతానంటే, చాలామంది కోచ్‌లు హద్దు ఎక్కడుందో తెలిస్తే అక్కడ ఆగిపోతారు. మీ సారు కూడా ఆగేవారేమో. ఆ అవకాశం ఆయనకు ఇవ్వకపోవడం గౌరవం కిందికి రాదని నా ఉద్దేశం.

హెచ్చరిక అక్కరలేని సందర్భాలు కూడా ఉన్నాయి. "ఎంత తీసుకున్నారు?" అని రెఫరీ నిజాయితీని వేలెత్తి చూపడం, జనం వైపు తిరిగి చేతులు పైకెత్తి వారిని రెచ్చగొట్టడం, ఆట నడుస్తుండగా కోర్టులోకి రావడం, టేబుల్ దగ్గర కూర్చున్న విద్యార్థిని బెదిరించడం, వీటికి నేరుగా టెక్నికల్ ఇవ్వవలసిందే. ఒంటి మీద చేయి వేసినా, అమ్మ ఆలి బూతులు తిట్టినా అది డిస్‌క్వాలిఫయింగ్ ఫౌల్, అంటే ఆట నుంచి బయటికి పంపే ఫౌల్. దానికి రెండు ఫ్రీ త్రోలు, బంతి కూడా ఎదుటి జట్టుకే.

టెక్నికల్ ఇచ్చే పద్ధతి గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే ఇవ్వడం సరైనదైనా ఇచ్చిన తీరు వల్ల చెడిపోయిన మ్యాచ్‌లను చాలా చూశాను. విజిల్ ఊదండి, అరచేతులతో గుర్తు చూపండి, టేబుల్ వైపు నడవండి. కోచ్ ముఖం మీదికి చేతులు తీసుకెళ్లకండి, ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడకండి, నవ్వకండి. రిపోర్ట్ చేశాక మీరు ఆ బెంచ్‌కు దూరంగా వెళ్లండి. ఇప్పుడు కోచ్‌తో మాట్లాడవలసింది మీ పార్ట్‌నర్. ఆయన దగ్గరికి వెళ్లి, "సార్, అది అయిపోయింది, ఇప్పుడు ఫ్రీ త్రో, తరువాత బంతి మనం ఆపిన చోటు నుంచే" అని విషయం మాత్రమే చెప్పాలి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. తెలివైన కోచ్ పార్ట్‌నర్‌ను పట్టుకుని, "మీరు సీనియర్ కదా, ఆ పిల్లవాడికి చెప్పండి" అంటారు. ఒక రెఫరీ తన పరిధిలో ఇచ్చిన నిర్ణయాన్ని మరొక రెఫరీ తోసిపుచ్చే అధికారం గానీ, ప్రశ్నించే అధికారం గానీ లేదని నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. పార్ట్‌నర్ తల ఊపినా, "చూద్దాం సార్" అన్నా ఆ క్షణంలో మీరిద్దరూ రెండు జట్లుగా విడిపోయినట్టే. ఆటకు ముందు మీరిద్దరూ తప్పనిసరిగా మాట్లాడుకోవలసిన విషయం ఇదే.

మీ పార్ట్‌నర్ యువతి అయితే ఒక సంగతి ప్రత్యేకంగా గమనించండి. మన దగ్గర మగ రెఫరీతో "సార్" అని మాట్లాడే కోచ్‌లు కొందరు, అదే మ్యాచ్‌లో ఆడ రెఫరీతో "ఏమ్మా, నీకేం తెలుసు" అంటారు. అది ఆప్యాయతగా కొట్టివేయదగిన మాట కాదు. ఆమెను రక్షిస్తున్నట్టు మీరు మధ్యలోకి దూకవద్దు, ఆమె హెచ్చరికకు మీ హెచ్చరికకు ఉన్నంత విలువ ఉందని మీ నడవడితో చూపండి. ఆమె టెక్నికల్ ఇస్తే, మీరు ఇచ్చినప్పుడు ఆమె ఎలా నిలబడాలని కోరుకుంటారో అలాగే నిలబడండి.

టెక్నికల్ ఇచ్చాక చాలామంది రెఫరీలు రెండు రకాలుగా తడబడతారు. కొందరు అదే కోచ్ నుంచి రెండోది ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూస్తారు. మరికొందరు భయపడి, తరువాతి రెండు మూడు కాల్‌లు ఆయన జట్టుకు అనుకూలంగా ఇచ్చి లెక్క సరిచేయాలనుకుంటారు. ఈ రెండోది మరీ చెడ్డది. ఒక జట్టుకు అన్యాయం జరిగిందని మీకు అనిపిస్తే, బదులుగా రెండో జట్టుకు అన్యాయం చేయడం వల్ల అది న్యాయం కాదు. పైగా అరిస్తే పని జరుగుతుందని మైదానంలో ఉన్న ప్రతి పిల్లవాడికీ మీరే నేర్పినట్టవుతుంది. మీ కాల్ నిజంగా తప్పయిందని తెలిస్తే, "అది నేను సరిగా చూడలేకపోయాను సార్" అని ఒక్కసారి చెప్పి ముందుకు సాగండి. మ్యాచ్‌లో ఒకటికి మించి ఆ మాట చెబితే దానికి విలువ ఉండదు.

కోచ్‌ను పంపించవలసి వస్తే మన పాఠశాల పోటీల్లో ఒక చిక్కు ఉంది. నిబంధన ప్రకారం ఆయన డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లాలి, లేదా ప్రాంగణం విడిచి వెళ్లాలి. ఆయన స్థానంలో ఫస్ట్ అసిస్టెంట్, ఆయన కూడా లేకపోతే కెప్టెన్ కోచ్‌గా వ్యవహరించవచ్చు. కానీ ఆదోని నుంచో, ప్రొద్దుటూరు నుంచో, గుత్తి నుంచో ఆర్టీసీ బస్సులో 12 మంది పిల్లలను ఒంటరిగా వెంటబెట్టుకుని వచ్చిన పీఈటీ ఆయన. టిఫిన్ ఖర్చు, ఒకరిద్దరికి బూట్లు కూడా ఆయన జేబులోంచే పెట్టి ఉంటారు. ఆయనను గేటు బయటికి పంపి, పద్నాలుగేళ్ల పిల్లలను పెద్ద దిక్కు లేకుండా వదిలేయకూడదు. ఆట ఆపి, నిర్వాహకులను పిలిచి, బాధ్యత గల ఒక ఉపాధ్యాయుడిని ఆ బెంచ్ దగ్గర ఉంచమని అడగండి. ఆయన కోచింగ్ చేయరు, పిల్లలకు తోడుగా ఉంటారు. దీనికి పది నిమిషాలు పట్టినా నష్టం లేదు. అలాగే, కోచ్ తన సొంత పిల్లలనే జనం ముందు కొట్టబోయినా, నీచంగా తిట్టినా అది వారి ఇంటి గొడవ అనుకుని మీరు చూపు తిప్పుకోకండి. ఆట ఆపి మాట్లాడండి, తరువాత రాతపూర్వకంగా నివేదించండి.

ఇక మీ మ్యాచ్‌లో జరిగినట్టు జట్టును బయటికి పిలుచుకోవడం గురించి. క్రూ చీఫ్ ఆడమని ఆదేశించిన తరువాత కూడా జట్టు ఆడటానికి నిరాకరిస్తే అది ఫోర్‌ఫీట్. ఎదుటి జట్టు 20-0తో గెలిచినట్టు నమోదవుతుంది, నిరాకరించిన జట్టుకు పట్టికలో పాయింట్లు ఏమీ రావు. కాబట్టి వారు బయటికి అడుగుపెట్టగానే మ్యాచ్ ముగిసిందని ప్రకటించకండి. గడియారం ఆగి ఉందని చూసుకుని, మిగిలిన సమయం, స్కోరు రాయించి, కెప్టెన్‌నూ కోచ్‌నూ టేబుల్ దగ్గరికి పిలిచి, పార్ట్‌నర్ సాక్షిగా, "మీ జట్టు ఆడాలి, ఆడకపోతే ఫలితం ఇలా నమోదవుతుంది" అని స్పష్టంగా చెప్పండి. ఈ మాట కెప్టెన్‌గా ఉన్న పిల్లవాడికి కూడా వినపడాలి. ఈ ఆటను కనిపెట్టిన నైస్మిత్ 1891లో రాసిన 13 నిబంధనల్లో అంపైర్, రెఫరీ ఉన్నారు గానీ కోచ్ ఊసే లేదు. ఈనాటికీ ఫలితం మీద అభ్యంతరం తెలిపితే స్కోర్‌షీట్‌లో సంతకం చేయవలసింది కెప్టెనే, అదీ ఆట ముగిసిన 15 నిమిషాలలోపు. ఆ అభ్యంతరం కూడా స్కోరు, గడియారం, ఆటగాళ్ల అర్హత వంటి విషయాల మీదే చెల్లుతుంది. అది బ్లాకింగా, ఛార్జింగా (బంతి ఉన్నవారు ఢీకొన్న ఫౌలా) అన్న రెఫరీ తీర్పు మీద చెల్లదు. కోపంగా ఉన్న కోచ్‌కు ఈ దారి ఒకటి ఉందని మీరే చెప్పండి. తన మాట చెప్పుకోవడానికి ఒక చోటు ఉందని తెలిసినవారు జట్టును వెనక్కి పంపడం నేను చూశాను.

ఆట ముగిశాక, ఏదైనా తీవ్రమైన సంఘటన జరిగి ఉంటే, సంతకానికి ముందే స్కోర్‌షీట్ వెనుకవైపు క్రూ చీఫ్ రాయాలి. అందులో విశేషణాలు వద్దు. "కోచ్ చాలా అసభ్యంగా ప్రవర్తించారు" అన్న వాక్యం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఏ క్వార్టర్, ఎంత సమయం మిగిలి ఉంది, స్కోరు ఎంత, ఆయన అన్న మాట ఏమిటి, మీరు ఏం చేశారు, ఎవరు విన్నారు అన్నవి రాయండి. రాసింది చదివినవారికి మీరు ఏ బెంచ్ పక్షాన ఉన్నారో తెలియకూడదు.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. సారు ఎదురుపడితే మీరే ముందుగా పలకరించండి. టెక్నికల్ ఆయనకు ఇవ్వలేదు కాబట్టి ఆయనకు మీ మీద కోపం ఉండకపోవచ్చు, ఉంటే కాస్త మొహమాటం ఉండవచ్చు. ఆ మ్యాచ్ కాల్‌ల గురించి రోడ్డు మీద, టీ కొట్టు దగ్గర చర్చించకండి. ఒకరోజు తీరిక చూసుకుని ఆయన దగ్గరికి వెళ్లి, "సార్, ఇకమీదట మీ జట్టు మ్యాచ్ నాకు పడితే, అవతలి కోచ్‌కు ఎంతవరకు అవకాశం ఇస్తానో మీకూ అంతే ఇస్తాను. ముందే చెబుతున్నాను" అని చెప్పండి. ఆట తెలిసిన పెద్దవారికి ఈ మాట అర్థమవుతుంది. ఆయనకు నచ్చకపోతే, ఆ జట్టు మ్యాచ్‌లకు మిమ్మల్ని వేయవద్దని నియామకాలు చూసేవారికి కొంతకాలం విన్నవించుకోవడంలో కూడా తప్పు లేదు. రెండో జట్టు కోచ్‌ను కూడా తప్పక కలవండి. మొదటి మూడు క్వార్టర్లలో రెండు బెంచ్‌లకూ ఒకే కొలత పాటించలేదన్న మాట ఆయనకు మీ నోటి నుంచే వినపడాలి. ఆయనకు ఇచ్చిన టెక్నికల్ విషయంలో మాత్రం వెనక్కి తగ్గవలసిన పని లేదు.

వచ్చే మ్యాచ్‌కు వెళ్లేముందు మీ పార్ట్‌నర్‌తో కూర్చుని, మొదటి హెచ్చరిక ఎప్పుడు, ఎవరు, ఏ మాటల్లో ఇస్తారో నిర్ణయించుకోండి. ఏ బెంచ్ నుంచి ముందుగా అవసరం పడితే ఆ బెంచ్‌కు, అవసరమైతే మొదటి క్వార్టర్ మొదటి నిమిషాల్లోనే, అదే మాటల్లో ఇవ్వండి.